అమ్మకి, మిన్నియాపొలిస్ నుంచి

అమ్మా,

ఫోన్‌లో అయితే వెనక టీవీ, నాన్న, అన్నయ్య అందరూ కలిసిపోతారు. నేను ఏదీ పూర్తిగా చెప్పలేను. అందుకే రాస్తున్నాను. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. వీసా కాగితాలు లాయరు దగ్గరున్నాయి, కొత్త కబురేమీ లేదు.

మొన్న నా కళ్ళ కింద నలుపు చూసి కంగారుపడ్డావు. నిద్ర పట్టని మాట నిజమే. ఇప్పుడు నయం. దానికోసమే యోగా క్లాసుకి వెళ్తున్నాను. "మన దేశపు విద్యకి అక్కడ డబ్బు కట్టడమేంటి" అన్నాడట అన్నయ్య. మనింట్లో నాకెవరూ నేర్పలేదని వాడితో చెప్పు. నేర్పేవాళ్ళు దొరికినచోట నేర్చుకుంటున్నాను. అందులో తప్పేముంది?

క్లాసు మొదట్లో టీచరు అందరినీ కళ్ళు మూసుకుని సంకల్పం పెట్టుకోమంటారు. నాకు నాన్నే గుర్తొస్తారు. వినాయక చవితినాడు పట్టుపంచె కట్టుకుని, ఆచమనం చేసి, "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్య దేశే" అంటుంటే, నా పేరెప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. ఇక్కడ మేపుల్ గ్రోవ్ గుడిలో పంతులుగారు ఆ చోట అమెరికాకి గుర్తుగా "క్రౌంచ ద్వీపే, రమణక వర్షే" అంటారు. అది మొదట విన్నప్పుడు గుండె కలుక్కుమంది. ఇంత దూరం వచ్చేశానని దేవుడి ముందే ఖాయం చేసినట్టనిపించింది.

క్లాసులో ఊరూ గోత్రం తిథీ అక్కర్లేదు. ఒక్క చిన్న వాక్యం చాలు. అందులో "వద్దు", "కాకూడదు" లాంటి మాటలు రాకూడదు. ఇప్పటికే అలా ఉన్నట్టు అనుకోవాలి. మన చేతిలో లేనివి పెట్టుకోకండి అంటారు టీచరు, కాబట్టి వీసా దానిలోకి రాదు. ఎవరికీ చెప్పొద్దంటారు గానీ నీ దగ్గర నాకు దాపరికమేంటి? "నేను నిదానంగా ఉన్నాను." అదీ నాది. వీరభద్రాసనంలో తొడలు వణుకుతుంటే మనసు ఆఫీసు మెయిల్స్ మీదికి పరిగెడుతుంది. అప్పుడు ఆ మాట తలుచుకుని మెల్లగా ఊపిరి వదులుతాను. రోజుకో కొత్త కోరిక మార్చుకుంటూ పోతే ఏదీ మనసులో నాటుకోదు. అందుకే నేను మార్చడం లేదు.

పిన్ని కూతురి సీమంతం ఫొటోలు చూశాను. నువ్వు ఆ ఆకుపచ్చ చీరలో ఎంత బాగున్నావో.

అమ్మా, నువ్వూ యోగనిద్ర మొదలుపెట్టు. మోకాళ్ళ నొప్పితో వంగాల్సిన పనిలేదు. బీహార్‌లోని ముంగేర్‌లో సత్యానంద సరస్వతి స్వామి నేర్పిన పద్ధతి అది. మధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడుకో. నీ సంకల్పాన్ని మనసులో మూడుసార్లు అనుకో. తర్వాత కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అంటూ ఒళ్ళంతా ఒక్కో భాగం మీదికి ధ్యాస తీసుకెళ్ళాలి. ఆ తర్వాత ఊపిరిని గమనించాలి. లేచేముందు మళ్ళీ అదే మాట మూడుసార్లు. ఆడియో పంపిస్తాను, అందులో ఎలా చెప్తే అలా చెయ్యి. మధ్యలో నిద్రపోయినా పరవాలేదు.

కానీ ఒక్క మాట. నీ సంకల్పంలో నా పెళ్ళి, అన్నయ్య ఉద్యోగం, నాన్న షుగరు పెట్టకు. చవితినాడు నాన్న మా ఇద్దరి పేర్లూ చదివేవారు. నీ దగ్గరికొచ్చేసరికి "ధర్మపత్నీ సమేతస్య" అని ముందుకెళ్ళిపోయేవారు. నీ పేరు విన్నట్టు నాకు గుర్తులేదు. నువ్వేమో ఆయన చేతికి అక్షింతలు అందిస్తూ, పొయ్యి మీద ఉండ్రాళ్ళు చూసుకుంటూ ఉండేదానివి. ఈసారి నీకేం కావాలో నువ్వే అనుకో. అదేంటో నాకు చెప్పాల్సిన పని కూడా లేదు.

నేను వేళకి తింటున్నాను. నమ్ము. ఇక్కడ చలి మొదలైంది, నువ్వు పంపిన శాలువా కప్పుకునే పడుకుంటున్నాను.

ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. నాన్న రిపోర్టు వచ్చిందో లేదో ఈలోపు వాట్సాప్‌లో పెట్టమను. "అంతా నార్మల్" అని రాసి ఊరుకోవద్దను, కాగితం ఫొటో తీసి పంపమను.

నీ
చిట్టి