చెప్పాపెట్టకుండా ఆగిపోతున్న సిస్టమ్‌లపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా సెంటర్‌లో మీరు పెట్టిన ఆటో షట్‌డౌన్ గురించి.

అయ్యా,

విజయవాడలో మాది చిన్న డీటీపీ సెంటర్. కంప్యూటర్ల మెయింటెనెన్స్‌కి ఏడాది కాంట్రాక్టు మీకే ఇచ్చాం. కుర్రాళ్లు రాత్రిళ్లు సిస్టమ్‌లు ఆపకుండా వెళ్లిపోతున్నారు కాబట్టి, తొమ్మిదిన్నరకి వాటంతట అవే ఆగిపోయేలా చేయమని అడిగింది మేమే. ఆగే ముందు మెసేజ్ వస్తుందని, పని ఉంటే క్యాన్సిల్ చేసుకోవచ్చని మీ టెక్నీషియన్ మాటిచ్చారు. ఆ మెసేజ్ ఒక్కసారి కూడా రాలేదు.

శ్రావణంలో ముహూర్తాలున్నప్పుడు మాకు పొద్దుపోయేదాకా పని ఉంటుంది. మొన్న ఒక పెళ్లికూతురి తండ్రి మా ఆపరేటర్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని శుభలేఖ దిద్దించారు. ఆహ్వానించేవాళ్ల పేర్ల వరుస మార్పించారు, ఇంటిపేర్లలో తప్పులు సరిచేయించారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో, 'అను' అనే తెలుగు ఫాంట్‌తో అదంతా కొట్టి, ప్రూఫ్ తీయబోతుండగా సిస్టమ్ ఆగిపోయింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. జేబులోంచి కాగితం మళ్లీ తీసి మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టారు. మాకు మాత్రం ఆయన మొహం చూడటానికి సిగ్గేసింది.

మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే "విండోస్ అప్‌డేట్ అయ్యుంటుంది" అన్నారు. కాదు. సిస్టమ్‌లో ఏది ఎప్పుడు జరిగిందో చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి చూశాం. 1074 నంబరు ఎంట్రీలో సరిగ్గా ఆ టైముకి షట్‌డౌన్ ప్రోగ్రామ్ నడిచినట్టు, అదీ మీరు పెట్టుకున్న అడ్మిన్ అకౌంట్ పేరు మీదే నడిచినట్టు స్పష్టంగా ఉంది. తర్వాత మీ టెక్నీషియన్ వచ్చి, పెట్టిన టైముకి పనులు వాటంతట అవే నడిపించే టాస్క్ షెడ్యూలర్ తెరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. షట్‌డౌన్ కమాండ్ పక్కన స్లాష్ ఎస్, స్లాష్ ఎఫ్, స్లాష్ టీ 0 అని ఉంది. ఎస్ అంటే సిస్టమ్ ఆపేయమని. ఎఫ్ అంటే తెరిచి ఉన్న ప్రోగ్రాములను బలవంతంగా మూసేయమని. టీ 0 అంటే ఒక్క సెకను కూడా గడువు ఇవ్వొద్దని. ఫైలు ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోవాలి కదా అని మీరు అనొచ్చు. మామూలుగా మూస్తే పేజ్‌మేకరే సేవ్ చేయాలా అని అడుగుతుంది. ఆ ప్రశ్న కూడా అడగనివ్వకుండా చేసింది మీ సెట్టింగే.

ఇంకోటి. సాయంత్రం కరెంటు పోయి సిస్టమ్‌లు ముందే ఆపేస్తే, మర్నాడు పొద్దున ఆన్ చేసిన కాసేపటికే అవి మళ్లీ ఆగిపోతున్నాయి. టైము తప్పిపోయిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడపాలనే ఆప్షన్‌కి టిక్కు పెట్టి వదిలేశారు. బ్యాకప్‌కి అది పనికొస్తుంది. షట్‌డౌన్‌కి ఎవరైనా పెడతారా? ఇవన్నీ చూసి కూడా మీ టెక్నీషియన్ "ఆఫీసులో అడిగి చెప్తాను" అని వెళ్లిపోయారు. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంది కాబట్టి మేం మార్చుకునే దారి కూడా లేదు.

ఆటో షట్‌డౌన్ మాకు కావాలి, తీసేయమనడం లేదు. గడువు 0 బదులు 600 సెకన్లు పెట్టండి, పది నిమిషాల ముందు హెచ్చరిక వస్తుంది. షట్‌డౌన్ స్లాష్ ఏ కమాండ్‌తో డెస్క్‌టాప్ మీద ఒక క్యాన్సిల్ షార్ట్‌కట్ పెట్టండి. పొద్దున పూట ఆపేస్తున్న ఆ టిక్కు తీసేయండి. మా సిస్టమ్‌ల అడ్మిన్ పాస్‌వర్డ్ మాకు రాసివ్వండి. పోయిన పని తిరిగి చేయడానికి ఆపరేటర్‌కి ఇచ్చిన ఓవర్‌టైమ్ డబ్బులు ఈసారి బిల్లులో తగ్గించండి.

ఈ వారంలోగా ఇవి జరగకపోతే కాంట్రాక్టు రెన్యూ చేయం.

ఇట్లు,
డీటీపీ సెంటర్ యజమాని,
విజయవాడ