రెడీమేడ్ కారు తేవద్దు చిన్నీ

చిన్నీ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ కుక్కర్ కూతలు, అక్కడ నీ వెనక రైల్వే అనౌన్స్‌మెంట్లు, సగం మాటలు గాల్లో కలిసిపోయాయి. "ఆ బొమ్మ కారు ప్లాస్టిక్ ముక్కల్ని అంత కష్టపడి అతికించడం దేనికి నాన్నా, అదే కారు రంగులేసి రెడీగా ఇక్కడ జపాన్ షాపుల్లో పెట్టారు, డిసెంబర్‌లో తెచ్చేస్తా" అన్నావు. తేవద్దు. ముందే చెప్పేస్తే నీకు డబ్బు మిగులుతుంది, నాకు షోకేసులో చోటు మిగులుతుంది.

ఆ కారు ముక్కలొచ్చిన పెట్టె సంగతి నీకు పూర్తిగా తెలీదు. మీ పెద్దమామయ్య ఓడలో ఇంజనీరుగా తిరిగే రోజుల్లో యొకొహామాలో కొని తెచ్చాడు. బొమ్మల కంపెనీ టమియా వాళ్ళ నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, 1/24 సైజు. అసలు బండి నాలుగున్నర మీటర్ల పైచిలుకు, ఇది జానెడుకి కాస్త తక్కువ. 1989లో వచ్చిన మోడల్, ఆర్32 అంటారు. జపాన్ టూరింగ్ కార్ రేసుల్లో 1990 నుంచి 1993 దాకా 29 పందేలు జరిగితే ఇరవై తొమ్మిదీ ఆ బండే గెలిచింది, కావాలంటే మీ ఆఫీసులో పెద్దవాళ్ళెవరినైనా అడుగు, పేరు చెప్పగానే కుర్చీ దగ్గరికి లాక్కుని కథ మొదలుపెడతారు. అప్పట్లో సీట్లూ డాష్‌బోర్డూ దాకా చేశాను. ఇంతలో నువ్వు పాకడం మొదలెట్టావు. ఇంట్లో బ్లేడ్లు, థిన్నర్ సీసాలు, నోట్లో పెట్టుకునేంత చిన్న ముక్కలు. పెట్టె కట్టి అటకెక్కించాను.

అలాగని నీవల్లే మానేశానని లెక్కలేసుకుని బాధపడకు. నువ్వు హాస్టల్‌కి వెళ్ళిపోయాక కూడా దాన్ని ముట్టుకోలేదు కదా. షిఫ్టులు, ఇంటి లోను, నాయనమ్మ ఆరోగ్యం, అన్నీ కలిసి నడిచిపోయాయి. రిటైరయ్యాక అటక సర్దుతుంటే మీ అమ్మే తీసి, "ఇది పారేసేదా, ఉంచేదా" అంది. ఉంచేదే అన్నాను.

తెరిచి చూస్తే ఇన్నేళ్ళూ పెట్టె లోపల ఒక పని జరుగుతూనే ఉంది. టైర్లు మెత్తటి వినైల్‌వి, వాటిని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికొచ్చి, ఆనుకుని ఉన్న గట్టి ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఒక టైరు ముందు అద్దానికి ఆనుకుని పడుంది. అది ఆనినచోట టైరు గీతలతో సహా అచ్చు దిగిపోయింది. ఆ అద్దాన్ని వాటర్ పేపర్‌తో 1000, 1500, 2000 నంబర్ల వరసలో తడిపి తడిపి రుద్ది, చివర టూత్‌పేస్ట్‌తో పాలిష్ పట్టాను, ఇప్పుడు వెలుతురుకి పెట్టి వెతికితే తప్ప కనపడదు. స్టిక్కర్ల షీటు పచ్చబడింది. దానికో చిట్కా ఉంది, షీటుని కవర్లో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి అంటిస్తే కొన్నాళ్ళకి ఆ పసుపు విరిగిపోతుంది. మన హాలు కిటికీకి అది చూసి పక్కింటావిడ ఏదో మొక్కు అనుకుందట.

పాత రోజుల్లో మా సామాను తలుచుకుంటే నవ్వొస్తుంది. గాజువాక పెయింటు షాపుల్లో కార్లకి కొట్టే డ్యూకో, దాని థిన్నర్, గోళ్ళు కత్తిరించే కట్టర్, దూది, అంతే. ఆ థిన్నర్ ఘాటుకి పలచటి ప్లాస్టిక్ మీద సన్నటి పగుళ్ళు లేచేవి. ఇప్పుడు ఈ పనికే చేసిన రంగులు ఇక్కడికే తెప్పించుకోవచ్చు, కాకపోతే మండే సరుకని విమానంలో ఎక్కించరు, రోడ్డు మీద నెమ్మదిగా వస్తాయి. జిగురు కూడా మారింది. నీళ్ళలా పలచగా ఉంటుంది, రెండు ముక్కలూ దగ్గర పట్టుకుని అంచుకి కుంచె తాకిస్తే చాలు, సందులోకి తనే పోయి రెండువైపులా ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి ఒకటి చేసేస్తుంది. అద్దాలకి మాత్రం అది పనికిరాదు, ఫెవిక్విక్ అసలు పనికిరాదు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. అద్దాలకి మన ఫెవికాలే మేలు, ఆరాక కనపడదు, చిందినా తడిగుడ్డతో పోతుంది.

మన ఊళ్ళో రంగేయడం మరో తలనొప్పి. స్ప్రే కొట్టిన వెంటనే థిన్నర్ ఎగిరిపోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, సముద్రపు గాలిలో తేమంతా అక్కడ పట్టుకుంటుంది, నిగనిగలాడాల్సిన రంగు పాలిపోతుంది. అందుకని వానాకాలం అంతా లప్పం, రుద్దుడు, చిన్న ముక్కల పని మాత్రమే చేసి, బాడీ రంగుని చలికాలానికి అట్టేపెట్టాను. పొద్దున్న పదిన్నర దాటాక, డాబా మీద, గాలి లేనప్పుడు. మీ అమ్మ వడియాలు పెట్టేదీ అదే టైమూ అదే డాబా, ఆ చర్చలు ఇంకా నడుస్తున్నాయి.

నాకు బాగా నచ్చే పని ఒకటుంది, నువ్వు వచ్చినప్పుడు చూపిస్తా. తలుపుల చుట్టూ, బానెట్ చుట్టూ సన్నటి గాడి ఉంటుంది కదా. రంగంతా ఆరాక నల్ల ఎనామెల్‌ని బాగా పలచన చేసి, కుంచె కొసని ఆ గాడిలో ఒక్కచోట తాకిస్తే, ఒత్తి నూనె పీల్చుకున్నట్టు నలుపు తనంతట తానే గాడి వెంట పరుగెడుతుంది. తలుపు మూల దగ్గర ఒక్క క్షణం ఆగి, మలుపు తిరిగి కిందికి దిగిపోతుంది. అప్పటిదాకా ప్లాస్టిక్ డొప్పలా ఉన్నది ఒక్కసారిగా తలుపున్న బండి అవుతుంది. గాడి దాటి పాకిన నలుపుని ఎనామెల్ థిన్నర్ తడిపిన పుల్లతో తుడిచేయొచ్చు, కింద బాడీకి వేసింది లాకర్ అనే వేరే రకం రంగు కాబట్టి ఆ థిన్నర్‌కి దానికేం కాదు. తిరగేసి, కింద ఎనామెల్, పైన లాకర్ వేస్తే చర్మం ముడతలు పడ్డట్టే లేస్తుంది. అంటే దేని తర్వాత ఏది అన్నదే ఈ పనిలో సగం.

నీ ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ప్లాంటులో నా ఉద్యోగమంతా ఆగిన మిల్లుని లేపడమే. మిల్లు ఆగగానే ఫోన్లు, ఎంతసేపు, ఇంకా ఎంతసేపు. బాగా చేశావా అని అడిగినవాడు ఒక్కడు లేడు, అడిగే తీరిక కూడా వాళ్ళకి ఉండేది కాదులే. ఇప్పుడు ఆరని రంగు ముందు కూర్చుంటే ఎంతసేపు అనేవాడు లేడు. ఈ సీటు బెల్టు కట్టడం రెండు సాయంత్రాలు పట్టినా అది నా ఇష్టం. రెడీమేడ్ కారులో నాకు ఈ భాగమే ఉండదు, మిగతాది ఉంటుంది. నాకు కావలసింది కారు కాదమ్మా, ఆ పని.

ఇంకోటి, "మంచిదే నాన్నా, బీపీ తగ్గుతుంది" అని డాక్టర్ గొంతుతో అనడం మానెయ్. బీపీ కోసం నేను నడకకి వెళ్తున్నాను. ఇక్కడ బీపీ పెరుగుతుంది. పట్టకారులోంచి సైడ్ మిర్రర్ చిటుక్కున ఎగిరిపోతే, తలకి కట్టుకునే భూతద్దంతో సహా మంచం కింద దూరి వెతుక్కునే టెన్షన్ నీకేం తెలుసు! అది మర్నాడు మీ అమ్మ ఊడ్చిన చాటలో దొరికింది. అప్పట్నుంచి చెత్త నాకు చూపించకుండా పారబోయడం లేదు పాపం. కళ్ళు మునుపట్లా లేవు, నిజమే. చెయ్యి కూడా కాస్త వణుకుతుంది. మణికట్టు టేబుల్‌కి ఆనించి, ఊపిరి వదిలేటప్పుడు కుంచె పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ముక్కల్ని అవి అతుక్కుని వచ్చే ఫ్రేమ్ నుంచి ఒకేసారి కత్తిరించకుండా ముందు దూరంగా, తర్వాత దగ్గరగా రెండుసార్లు కోస్తున్నాను, అప్పట్లో ఆ ఓపిక ఉండేది కాదు.

నువ్వు ఉన్నది నగొయాలో కదా, అక్కణ్ణుంచి షిజువోకా షింకన్‌సెన్ బులెట్ రైల్లో గంటకి అటూ ఇటూ. టమియా వాళ్ళది ఆ ఊరే. 1946లో కలప వ్యాపారంగా మొదలై, కొయ్య బొమ్మలు చేసి, 1960 ప్రాంతంలో ప్లాస్టిక్‌లోకి దిగారు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్ర పట్టుకుని ఇప్పటికీ లక్కబొమ్మలే చేస్తున్నారు, వాళ్ళు కర్ర వదిలేశారు, ఎవరి దారి వాళ్ళది. 1970ల్లో రేసు పోర్షే బొమ్మ కొలతలు సరిగ్గా రావాలని అక్కడి షున్సాకు టమియా ఏకంగా ఒక పోర్షే 911 కారు కొని, విప్పి చూశాడు. మిల్లులో పనిచేసినవాణ్ణి, నాకు ఆ మనిషి చాలా నచ్చాడు. ప్రతి మే నెలలో ఆ ఊళ్ళో హాబీ షో జరుగుతుంది, కంపెనీలవే కాదు, మామూలు మనుషులు క్లబ్బులుగా వచ్చి ఇంట్లో చేసుకున్నవి కూడా టేబుళ్ళ మీద పెడతారు. కుదిరితే ఒక ఆదివారం వెళ్ళు. కంపెనీ స్టాళ్ళకన్నా ఆ టేబుళ్ళే ఎక్కువ ఫొటోలు తియ్యి. కారు ముందు భాగం ఎలాగూ అందరూ తీస్తారు, నాకు లోపల సీట్లూ, బండి అడుగునా కావాలి.

ఊరికే రాకుండా ఏదైనా తేవాలనే అనుకుంటే ఇవి తే. స్టిక్కర్‌ని మెత్తబరిచే చిన్న సీసా, మార్క్ సాఫ్టర్ అంటారు, షాపువాడికి చెప్తే తెలుస్తుంది. పాత స్టిక్కర్లు ఒంపుల మీద కూర్చోనని మొండికేస్తున్నాయి. పసుపుపచ్చ మాస్కింగ్ టేపు, ఆరు మిల్లీమీటర్లది. ముక్కలు కత్తిరించే మంచి నిప్పర్ ఒకటి. వెనక నాలుగు గుండ్రటి లైట్లకి లోపలినుంచి వేసే పారదర్శకమైన ఎరుపు నేనిక్కడే తెప్పించుకుంటాను, స్ప్రే డబ్బాలు, రంగు సీసాలు మాత్రం సూట్‌కేసులో పెట్టకు, ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పడేస్తారు. మార్క్ సాఫ్టర్‌కి కూడా రూలు ఏమిటో ఒకసారి మీ ఎయిర్‌లైన్స్‌ని అడిగి పెట్టు. మీ అమ్మ తనకి పోయినసారి తెచ్చిన చాకే ఇంకొకటి కావాలంటోంది, నేను దాంతో ప్లాస్టిక్ కోశానని.

నాన్న