రంగుల బొమ్మను చూసి బ్రాకెట్టు పాస్ చేయకు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. కొత్త షెడ్డు వేశావని చదివి సంబరపడేలోపే నీ అసలు ప్రశ్న ఎదురైంది. కొత్తగా చేరిన డిప్లొమా కుర్రాడి చేతికి బరువు పడ్డ ముక్కలో ఎక్కడ ఎంత ఒత్తిడి (స్ట్రెస్) పుడుతుందో లెక్కకట్టే స్ట్రెస్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ ఇస్తే గోడకు బిగించి బరువు మోయించే బ్రాకెట్ల సంగతి వాడే తేల్చేస్తాడా, కన్సల్టెంటుకు డబ్బులు పోసే బాధ తప్పుతుందా అని కదా? అమ్మడానికి వచ్చిన ఆయన మన కుర్రాడిచేతే అరగంటలో స్ట్రెస్ ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం చూపే రంగుల బొమ్మ తీయించి చూపించాడన్నావు. బొమ్మ రావడం ఏనాడూ కష్టం కాదురా. తప్పుడు లెక్కకూ అంతే అందమైన బొమ్మ వస్తుంది.

నీ ఎల్ ఆకారపు బ్రాకెట్టునే తీసుకో. కుర్రాడు లోపలి మూలను రేడియస్ (గుండ్రం) లేకుండా పదునుగా గీశాడనుకో. నాలుగు మిల్లీమీటర్ల మెష్ వేస్తే, అంటే లెక్క కోసం ముక్కను అంతంత చిన్న గళ్లుగా (ఎలిమెంట్లుగా) విడగొడితే, ఆ మూలలో 150 మెగాపాస్కళ్ల (స్ట్రెస్ కొలిచే యూనిట్) స్ట్రెస్ చూపించిందనుకుందాం. మెష్ రెండు మిల్లీమీటర్లు చేస్తే సుమారు 205 అవుతుంది, ఒకటి చేస్తే 280, అర మిల్లీమీటరు చేస్తే 385 దాకా పోతుంది. నువ్వు వాడే ఉక్కు ఈ-250 గ్రేడు కదా, 250 మెగాపాస్కళ్ల దగ్గర లొంగిపోతుంది, అంటే సాగి మళ్లీ మామూలుకు రాదు. అదే బ్రాకెట్టు, అదే బరువు. ముతక మెష్‌తో పాస్, సన్న మెష్‌తో ఫెయిల్! సూత్రం ప్రకారం అలాంటి మూలలో స్ట్రెస్‌కు అంతే లేదు కాబట్టి మెష్ సన్నబెట్టిన కొద్దీ అంకె పెరుగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ చేసిన తప్పేమీ లేదు, అడిగిన లెక్క చేసి పెట్టింది. అసలు ముక్కలో అక్కడ కాస్తో కూస్తో గుండ్రం ఉంటుందనీ, ఆ అంకెను నమ్మకూడదనీ తెలియాల్సింది మనిషికి.

ఇంకొకటి, ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది. బ్రాకెట్టు వెనక ముఖం మొత్తాన్ని ఒక్క నొక్కుతో 'ఫిక్స్‌డ్' అనేస్తారు. నీ షెడ్డులో దాన్ని పట్టుకునేవి రెండు బోల్టులే. బరువు పడితే పైఅంచు గోడనుంచి విడివడాలని చూస్తుంది, లాగుడంతా పైబోల్టు మీద పడుతుంది. కంప్యూటర్లో మాత్రం వెనకవైపంతా బండకు అతికినట్టు ఉంటుంది, కాబట్టి బొమ్మ నీలంగా చల్లగా కనిపిస్తుంది. తెగేది బోల్టు. మోడల్లో అసలు బోల్టే లేదు.

అనుభవం ఉన్నవాళ్లూ పప్పులో కాలేసిన సందర్భం ఉంది. 1991 ఆగస్టు 23న నార్వేలో స్టావెంగర్ దగ్గరి ఫ్యోర్డులో స్లైప్నర్-ఎ అనే చమురు ప్లాట్‌ఫారానికి అడుగున ఉండే కాంక్రీటు నిర్మాణాన్ని నీటిలోకి దించి పరీక్షిస్తున్నారు. సుమారు 65 మీటర్ల లోతున ఒక సెల్ (డొల్లగా ఉండే కాంక్రీటు గది) గోడ పగిలింది. లోపలికొచ్చే నీటిని పంపులు తోడలేకపోయాయి, మొత్తం మునిగిపోయింది. అడుగున పడ్డప్పుడు భూకంప కొలమానాల మీద 3 తీవ్రత నమోదైంది. మనుషులు బయటపడ్డారు, నష్టం మాత్రం దాదాపు 70 కోట్ల డాలర్లు. విచారణలో తేలిందేమిటంటే, డిజైన్ లెక్కలో సెల్‌లు కలిసే చోట ముతకగా, వంకరగా ఉన్న ఎలిమెంట్లు వేయడంతో షియర్ స్ట్రెస్ (కోసేసేలా పనిచేసే ఒత్తిడి) అసలుకంటే 47 శాతం తక్కువగా వచ్చింది. దానికితోడు అక్కడి ఉక్కు కడ్డీల అమరికా సరిపోలేదు. సరైన లెక్క తర్వాత చేసి చూస్తే 62 మీటర్ల దగ్గరే పగలాలని వచ్చింది. వాడింది ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్ కాదురా, నాసా పుట్టించిన నాస్ట్రాన్!

నా కోపమంతా 'ఎవరైనా చేయవచ్చు' అని అమ్మేవాళ్ల మీదే. మెష్ దానంతటదే వస్తుంది, నిజమే. అది చాలా, చాలదా అని ఎవరు చెబుతారు? పలచని ప్లేటుకు మందం పొడుగునా ఒక్క వరుస నాలుగు నోడ్ల (మూల బిందువుల) టెట్రా ఎలిమెంట్లు, అంటే నాలుగు ముఖాల గళ్లు, వేస్తే, అది ఉన్నదానికంటే ఎంతో బిగువుగా ప్రవర్తిస్తుంది. వంపు తక్కువ చూపిస్తుంది. కుర్రాడు సంతోషిస్తాడు.

అయినా కొనొద్దని అనను. కొన్నాక మొదట నీ బ్రాకెట్ల జోలికి పోనివ్వకు. మధ్యలో చిన్న రంధ్రం ఉన్న వెడల్పు ప్లేటును లాగించి చూడమను. రంధ్రం అంచున, దూరంగా ఉన్నదానికి మూడు రెట్ల స్ట్రెస్ రావాలి, జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే తేల్చిన లెక్క అది. రాకపోతే ఎందుకు రాలేదో వాడే వెతకాలి. తర్వాత ఒక కొసన మాత్రమే బిగించిన కాంటిలీవర్ బీమ్‌కు వంపు ఎంతో ముందు కాగితం మీద కట్టించు, ఆ తర్వాతే కంప్యూటర్ ముట్టనివ్వు. ప్రతి లెక్కలోనూ ఆధారాల దగ్గరి రియాక్షన్లు (ఆధారాలు తిరిగి నెట్టే బలాలు) కూడించు. పెట్టిన బరువు 500 కిలోలైతే అక్కడా అంతే తేలాలి, తేలకపోతే బొమ్మ చూడక్కర్లేదు. యూనిట్లు కూడా చూడమను. మిల్లీమీటర్లు, న్యూటన్లు వాడుతూ ఉక్కు సాంద్రతను ఘనపు మీటరుకు కిలోల లెక్కన 7850 అని కొట్టేస్తారు. సొంత బరువు కలిపితే అప్పుడు బ్రాకెట్టు కొండంత బరువుంటుంది. అదృష్టం కొద్దీ ఆ తప్పు వెంటనే బయటపడుతుంది, మిగతావి అంత సులువుగా పడవు.

మామూలు బ్రాకెట్లకు ఈపాటి చాలు, కుర్రాడు ఆరు నెలల్లో దారిలో పడతాడు. క్రేన్ కింద వేలాడే లిఫ్టింగ్ బీమ్ మాత్రం, వాడు ఎంత చక్కటి బొమ్మ తెచ్చినా సరే, కన్సల్టెంటుకు చూపించకుండా వాడకు. అక్కడ డబ్బుకు చూసుకోవద్దు.

ఈలోగా నీ బ్రాకెట్టు డ్రాయింగు పంపు, చేత్తో ఓసారి లెక్క కట్టి చూస్తాను. బోల్టు సైజు, గ్రేడు రాయడం మరచిపోకు, పోయినసారి అవి లేకుండానే పంపావు. వదినను అడిగానని చెప్పు.

నీ
రఘు