తరవాణి కుండ, పీటర్ చేతి బీరు

రిచ్‌మండ్, వర్జీనియా

అమ్మమ్మకు నమస్కరించి రాస్తున్నాను.

ఇక్కడ అందరం కులాసా. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? అమ్మనడిగితే బానే ఉందని దాటేస్తోంది, నువ్వే చెప్పు.

పోయిన శనివారం షార్లట్స్‌విల్ దగ్గరున్న మోంటిచెల్లో చూసొచ్చాం. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లది. ఆ ఇంటి కింద బీరు నిల్వ చేసిన గది ఉంది. అక్కడ నిలబడగానే నాకు నువ్వూ, గంజి పులియబెట్టే నీ తరవాణి కుండా గుర్తొచ్చారు. బీరుతో నన్ను పోలుస్తావా అని కోప్పడకు, చివరిదాకా చదువు.

ఇంగ్లండు నుంచి వలసొచ్చిన వాళ్లకి బీరంటే ఇంట్లో రోజూ ఉండాల్సిన సరుకు. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్లు, తిండి సరుకులు, ముఖ్యంగా బీరు అయిపోతున్నాయని, ఇక చోటు వెతకడం ఆపి ప్లిమత్‌లో దిగిపోయామని రాసుకున్నారు. రోజూ తాగే పలచటి రకాన్ని స్మాల్ బీర్ అనేవారు. మత్తు చాలా తక్కువ, పిల్లలకూ భోజనంతో పాటు పోసేవారు. దాన్ని కాచడం వంటా, రొట్టె లాగే ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని. బీరు పొంగినప్పుడు వచ్చే ఈస్ట్ తీసి రొట్టె పిండిలో కలిపేవారు. జెఫర్సన్ భార్య మార్తా కూడా పెళ్లయిన కొత్తలో దాదాపు రెండు వారాలకోసారి 15 గ్యాలన్లు, అంటే మన లెక్కలో 57 లీటర్ల దాకా, చేయించేది.

జార్జి వాషింగ్టన్ 1757లో పాతికేళ్ల సైనికాధికారిగా ఉన్నప్పుడు, తన నోటు పుస్తకంలో స్మాల్ బీర్ చేసే పద్ధతి రాసుకున్నాడు. తవుడులో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మూడు గంటలు మరగబెట్టాలి. వడకట్టిన 30 గ్యాలన్ల నీళ్లలో 3 గ్యాలన్ల మొలాసిస్ కలపాలి. అది మన బెల్లం మడ్డి లాంటిది. గోరువెచ్చగా అయ్యాక ఈస్ట్ వేయాలి. చలి బాగా ఉంటే దుప్పటి కప్పాలి! డిసెంబర్‌లో ఇడ్లీ పిండి గిన్నెకి నువ్వు పాత దుప్పటి చుట్టేదానివి, గుర్తుందా?

నా మనసులో నిలిచిపోయింది మాత్రం పీటర్ హెమింగ్స్. జెఫర్సన్ ఇంట్లో బానిస. అప్పటికే వంటవాడు. అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చాక చాలా ఏళ్లకి, 1813లో, జోసెఫ్ మిల్లర్ అనే ఇంగ్లిష్ బీరు పనివాడి దగ్గర ఆ పని నేర్చుకున్నాడు. ధాన్యం నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టడం దగ్గర్నుంచీ అంతా పీటరే. మా పనివాడు చాలా తెలివైనవాడు, మీ మనిషిని పంపితే నేర్పుతాడని జెఫర్సన్ తన స్నేహితుడు మాడిసన్‌కి రాశాడు. 1821లో ఇంకొకరు పద్ధతి రాసి పంపమంటే, నా దగ్గర రాసింది లేదు, రాసింది చూసి చేస్తే కుదురుతుందని నమ్మకం కూడా లేదన్నాడు. విద్యంతా పీటర్ చేతుల్లో ఉంది. ఆ చేతులకి మాత్రం స్వేచ్ఛ లేదు. జెఫర్సన్ పోయాక 1827లో పీటర్‌ని వేలం వేశారు. బంధువొకాయన ఒక్క డాలరుకి కొని విడిపించాడు. ఆ తర్వాత ఊళ్లో బట్టలు కుట్టుకుని బతికాడు. ఇది చదివి చాలాసేపు కదల్లేకపోయాను అమ్మమ్మా.

నువ్వూ ఎప్పుడూ కొలత చెప్పలేదు. పాత తరవాణి కాస్త అడుగున ఉంచి, దాని మీద కొత్త గంజి పోసేదానివి. ఎంత పులిసిందో వాసన చూసి చెప్పేదానివి. నేను పక్కనే ఆడుకుంటూ ఏదీ నేర్చుకోలేదు. ఆదివారం ఉదయం నీకు వీడియో కాల్ చేస్తాను. కుండ పక్కన పెట్టుకుని కూర్చో. మొదటి రోజు ఏం చేస్తావో అక్కణ్నుంచి చూపించు.

నీ మనవరాలు

తా.క. ఇక్కడ మట్టి కుండ దొరకలేదు, పింగాణీ జాడీ కొన్నాను. పనికొస్తుందా?