భువనగిరి బండ దగ్గర తోడు నిలిచిన అక్కకు

అక్కా, మొన్న మే నెలలో భువనగిరి కోట దగ్గర పిల్లల రాక్ క్లైంబింగ్ క్యాంపులో మీ పేరు కూడా అడగలేకపోయాను. మనసారా కృతజ్ఞతలు.

మా పాప ఎడమ కాలికి క్యాలిపర్, అంటే నడవడానికి ఊతమిచ్చే పరికరం, ఉంటుంది. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఇక్కడే శిక్షణ తీసుకుందని విని, తనూ ఆ బండను ముట్టుకోవాలని పట్టుబట్టింది. చూపిద్దామనే తీసుకొచ్చాను. మీరేమో "ఎక్కుతావా తల్లీ?" అని నేరుగా తననే అడిగారు. ఎక్కడికెళ్లినా అందరూ నన్నే అడుగుతారు. హార్నెస్ బెల్టు క్యాలిపర్‌కు ఒరుసుకోకుండా మీ తువ్వాలు మడతపెట్టి మధ్యలో పెట్టారు. నాకు ఒకటే టెన్షన్. పది అడుగులు ఎక్కింది! గీసుకున్న అరచేతులు చూసుకుంటూ ఆ రాత్రి నిద్రే పోలేదు.

మీ తువ్వాలు ఉతికి మా దగ్గరే భద్రంగా ఉంచామక్కా.