ప్రళయకావేరికి వచ్చేవాళ్లను పట్టించుకోండి: పర్యాటక మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరిగిన మూడు రోజులూ బస్సులుంటాయి, మంచినీళ్లుంటాయి, దారి చెప్పే మనుషులుంటారు. పులికాట్ సరస్సుకు, అంటే మన ప్రళయకావేరికి, పక్షులు వచ్చేది మాత్రం అక్టోబరు నుంచి మార్చి దాకా. మిగతా రోజుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాల కోసం ఈ లేఖ.

ముందు నీటి సంగతి. ఫ్లెమింగో తన వంకర ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదనీటిని వడగట్టుకుని తింటుంది. కాళ్లు ఆనేంత లోతే దానికి అనుకూలం. ఈశాన్య రుతుపవనాలు బాగా కురిసిన ఏడాది డిసెంబరులో సరస్సు నిండుగా ఉండి గుంపులు అంచులకు జరుగుతాయి. నీరు తీసేకొద్దీ మళ్లీ చోటు మారుస్తాయి. ఏప్రిల్ దాటితే ఉత్తరాన చాలా మేర నెర్రెలిచ్చిన నేలే. ఇది తెలియక ఎండల్లో వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లేవాళ్లు ఎందరో. సూళ్లూరుపేట రైల్వే స్టేషన్లో, బస్టాండులో వారం వారం మార్చే బోర్డు ఒకటి పెట్టించండి. నీరు ఎంత ఉంది, గుంపులు ఎటున్నాయి, ఏ వేళకు వెళ్లాలి అన్న మూడు ముక్కలు చాలు.

శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యగా కట్ట మీద వెళ్తుంది. కార్లు అంచున ఆగుతాయి, వెనక షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు వస్తుంటాయి. జనం ఫోటో కోసం కట్ట దిగి బురదలో నాలుగడుగులు వేస్తే చాలు, గుంపంతా లేచిపోతుంది. మేత మానేసి ఎగిరిన ప్రతిసారీ వాటి ఒంట్లో శక్తి తరుగుతుంది. అందుకే అటకానితిప్ప పరిసరాల్లో బండ్లు పక్కకు ఆపుకునే చోట్లు రెండు మూడు, వాటికి తడికల చాటు, ఒక దుర్భిణీ, మరుగుదొడ్డి కావాలి. ఆ చాట్లు ఉత్తరం వైపు చూసేట్టు కట్టించండి. చలికాలపు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి అటు చూస్తే పక్షులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఇటు చూస్తేనే రెక్కల అడుగున ఉన్న ఎరుపు తెలుస్తుంది.

ఆ కట్టే నీటి పోకకు అడ్డు కూడా. దాని కింది తూములు పూడకుండా చూడాలి. రాయదొరువు, తూపిలిపాలెం దగ్గర సముద్రపు ముఖద్వారాల్లో ఇసుక తీయాలి. ఆ పని మీ శాఖది కాకపోవచ్చు. కానీ నీళ్లు లేని సరస్సుకు పర్యాటకులు రారు కాబట్టి అడగాల్సింది మీరే.

పడవల విషయంలో మొహమాటం వద్దు. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పులికాట్‌లో పడవ మునిగి 22 మంది చనిపోయారు. పడవ ఎలా ఒరుగుతుందో నడిపేవాళ్లకు తెలుసు: పట్టేదానికి మించి ఎక్కించడం, పక్షులు కనిపించగానే అందరూ ఒకే పక్కకు లేవడం. మనవైపు పడవలు నడిచే బీవీ పాలెంలో ఎంతమంది ఎక్కవచ్చో పడవ మీదే పెద్ద అంకెలతో రాయించండి. లైఫ్ జాకెట్ గట్టు మీదే బిగించాలి, ఎక్కాక కాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి పెరగకముందే పడవలన్నీ ఒడ్డుకు చేరాలి.

ఇక దక్షిణపు ఒడ్డున, తమిళనాడులో ఉన్న పులికాట్ ఊరు. విజయనగరపు వేంకటపతిరాయల అనుమతితో డచ్చివాళ్లు అక్కడ దిగి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690లో వాళ్ల ప్రధాన స్థావరం నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలో వాళ్ల వ్యాపారానికి అదే కేంద్రం. తెలుగు నేలతో సంబంధం అనుమతితో ఆగలేదు. 1605 నుంచే మచిలీపట్నంలో వాళ్ల గిడ్డంగి ఉంది. మన నేతగాళ్ల బట్ట వాళ్ల ఓడలెక్కింది. పులికాట్ నుంచి బట్టతోపాటు మనుషుల్ని కూడా బానిసలుగా బటావియాకు (నేటి జకార్తాకు) తరలించారు. ఇప్పుడు కోట స్థానంలో కందకమూ ముళ్లపొదల దిబ్బా మిగిలాయి. డచ్చి శ్మశానం మాత్రం నిలిచింది. ద్వారం మీద రాతి అస్థిపంజరాలు, లోపల డచ్చి అక్షరాలు చెక్కిన నల్లరాతి పలకలు.

సూళ్లూరుపేట నుంచి పొన్నేరికి లోకల్ రైలు, అక్కడి నుంచి బస్సు. పొద్దున సరస్సు చూసి మధ్యాహ్నం ఊరు చూసే దారి ఇదే. ఈ దారి చెప్పే కాగితం ఈ రెండు రైల్వే స్టేషన్లలోనూ ఉండాలి. తమిళనాడు పర్యాటక మంత్రితోనూ, కేంద్ర పురావస్తు శాఖతోనూ మాట్లాడి, శ్మశానం దగ్గర తెలుగులో ఒక పలక పెట్టించండి. అందులో కోట కథతోపాటు బానిసల మాట కూడా ఉండాలి.

అక్టోబరు వానలకు ముందే బోర్డులు, చాట్లు, పడవల అంకెలు సిద్ధమైతే ఈ చలికాలానికే పనికొస్తాయి.

ఇట్లు,
ప్రళయకావేరి ఒడ్డున పక్షుల్నీ పాత కట్టడాల్నీ చూపించే పనిలో ఉన్నవాళ్లం