విషయం: ఏడు నెలలుగా మీరు తేల్చని నా డిగ్రీ గురించి

మేనేజింగ్ డైరెక్టరు గారికి,
డిగ్రీల మదింపు సంస్థ, ప్రధాన కార్యాలయం,
అమీర్‌పేట, హైదరాబాద్.

ఆర్యా,

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇంగ్లీషులో పంపిన పదకొండు మెయిళ్లకూ ఒకటే జవాబు వచ్చింది గనుక. ‘మీ అభ్యర్థన మాకు ఎంతో ముఖ్యం’ అని. పదకొండుసార్లూ అదే ముక్క, కింద సంతకం కూడా లేదు. మీ ప్రకటనలు మాత్రం చక్కని తెలుగులో ఉంటాయి. విదేశాల్లో మీ పట్టాకు విలువ కట్టించే పూచీ మాది అంటారు. అంటే తెలుగు చదవగలిగినవారు మీ దగ్గర ఒకరైనా ఉండాలి.

ముందు మన పాత పరిచయం గుర్తుచేస్తాను. 2016లో మా తమ్ముడి బీటెక్, 2019లో మా మరదలి ఎంసీఏ, కరోనా తరవాత మా పిన్ని కొడుకు బీటెక్, మూడూ మీ దగ్గరే చేయించాం. ఒక్కోటీ పదిహేను రోజుల్లో చేతికొచ్చింది. ఆ నమ్మకంతోనే మా వీధివాళ్లను ఇద్దరిని మీ దగ్గరికి పంపాను. వాళ్లవి కంప్యూటర్ చదువులు కాబట్టి గట్టెక్కారు. నాది సోషల్ వర్క్‌లో పీజీ, ఎంఎస్‌డబ్ల్యూ. మార్కుల జాబితాలో కమ్యూనిటీ ఆర్గనైజేషన్, సోషల్ యాక్షన్, అడ్వకసీ అని పేపర్లు కనిపిస్తాయి. మీ సిబ్బందికి కష్టాలు అక్కడే మొదలయ్యాయి. నాకు మాత్రం అంతకన్నా ముందే, కవరు దగ్గరే మొదలయ్యాయి.

ఆ కవరు సంగతి వివరంగా చెప్పాలి. మా యూనివర్సిటీ పరీక్షల విభాగం ట్రాన్‌స్క్రిప్టును, అంటే మార్కుల అధికారిక పత్రాన్ని, కవరులో పెట్టి, మడత మీద సంతకం చేసి, దానిమీద లక్క ముద్ర వేసి ఇచ్చింది. దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రైల్లో తెచ్చి జూన్‌లో మీ కౌంటరులో ఇచ్చాను. కౌంటరులోని అబ్బాయి నా కళ్లముందే దాన్ని స్కేలుతో చింపాడు. లోపలి కాగితాలు లెక్కపెట్టి, పాస్‌పోర్టు నకలుతో కలిపి స్టేప్లర్ కొట్టాడు. సరిగ్గా ముప్పై ఎనిమిది రోజుల తరవాత మీనుంచి మెయిలు వచ్చింది. కవరు తెరిచి ఉంది కాబట్టి పత్రాలు చెల్లవు, మళ్లీ పంపండి అని. ఫోను చేశాను. తెరిచింది మీవాళ్లేనమ్మా అన్నాను. ‘అయి ఉండవచ్చు మేడమ్, కానీ మా సిస్టంలో తెరిచినట్టే చూపిస్తోంది’ అంది ఆ అమ్మాయి. నేను మళ్లీ యూనివర్సిటీకి వెళ్లాను, మళ్లీ రుసుము కట్టాను, మళ్లీ లక్క ముద్ర వేయించాను. ఈసారి కౌంటరులో స్కేలు కనబడగానే చేయి అడ్డంపెట్టి రసీదు రాయించుకున్నాను. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సెప్టెంబరులో మరో మెయిలు. అడ్వకసీ చదివినందువల్ల నా బార్ కౌన్సిల్ నమోదు పత్రం జతచేయాలట! రెండుసార్లు చదువుకున్నాను. నేను లాయరును కానని, అడ్వకసీ అంటే నోరు లేనివారి తరఫున ప్రభుత్వం దగ్గర, అధికారుల దగ్గర గొంతు వినిపించడమని, దానికి నల్లకోటు అక్కరలేదని రాశాను. జవాబు తెలిసిందే, నా అభ్యర్థన మీకు ఎంతో ముఖ్యం. నాలుగు రోజులకు ఫోను చేస్తే ఇంకొకాయన దొరికాడు. పాపం, మర్యాదస్థుడు. ఓపికగా విని చివరకు, ‘కమ్యూనిటీ అంటే మేడమ్, కుల సంఘమా?’ అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన ఊళ్లలో ఆ మాటకు ఆ అర్థం ఉన్న మాట నిజమే కాబట్టి అతన్ని తప్పుపట్టను. తెలియనివారిని ఈ పనికి కూర్చోబెట్టినవారిని తప్పుపడతాను.

అతనికి దూబగుంట కథ చెప్పాను. మా నెల్లూరు జిల్లా పల్లెటూరు. 1992లో రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది జిల్లాలు దాటి పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లెవరూ డిగ్రీ చదవలేదు. అలా ఊరు కూడడం ఎలా జరుగుతుంది, ఎవరు ముందు మాట్లాడతారు, ఎవరు వెనక్కి లాగుతారు, అర్జీ ఎవరికి పెట్టాలి, పెట్టాక ఎన్ని రోజులు ఆగాలి అన్నది పద్ధతిగా నేర్పేదే నా చదువు. అతను ‘ఓహో, గొప్పగా ఉంది మేడమ్’ అన్నాడు. ఫైలులో ఏం రాసుకున్నాడో అక్టోబరులో మీరు పంపిన మదింపు ముసాయిదా చూశాక తెలిసింది. కమ్యూనిటీ ఆర్గనైజేషన్ పేపరును వ్యాపార నిర్వహణ కింద చూపించారు. ఆర్గనైజేషన్ అన్న మాట కనబడింది, అంతే. క్షేత్రకార్యానికి మార్కులున్నాయి గానీ ల్యాబ్ హాజరు పట్టిక లేదని సున్నా వేశారు.

ల్యాబ్ అడిగారు కాబట్టి చెబుతున్నాను. వారానికి రెండు రోజులు ఊళ్లలో తిరగడమే మా ల్యాబ్. 2009లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలో గడప గడపకూ వెళ్లి మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చదివి వినిపించాం. ఒక ఇంట్లో పేరు చదవగానే లోపలినుంచి ముసలమ్మ, ‘ఆయన పోయి ఏడాది అయింది నాయనా’ అంది. ఆయన పేరుమీద ఆరు రోజుల కూలి రాసి ఉంది. ఈ గంటలన్నీ లెక్కకట్టి మా విభాగాధిపతి ధ్రువపత్రం ఇచ్చారు. అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూకు కనీసం 900 గంటల క్షేత్రకార్యం ఉండాలి. నావి అంతకన్నా ఎక్కువే. ఆ పత్రం మీ ఫైలులో నాలుగో కాగితం. ఎవరైనా తిప్పి చూస్తే కనబడుతుంది. నిజానికి ఈ చదువేమిటో అమెరికావాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. జనాన్ని కూడగట్టడంలో పేరున్న సాల్ అలిన్‌స్కీ చికాగోలో మాంసపు కర్మాగారాల పేటను కూడగట్టింది 1939లో. చెప్పవలసి వస్తున్నది అమీర్‌పేటకే.

నవంబరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి స్వయంగా వచ్చాను. మూడో అంతస్తులో నాకు అందిన టోకెను 14. మధ్యాహ్నం రెండింటికి 13 దాకా పిలిచి, భోజనాల బోర్డు పెట్టారు. నాలుగున్నరకు పిలిచినావిడ తెరమీద చూసి, ‘మీ ఫిర్యాదు పరిష్కారమైపోయింది కదా మేడమ్’ అంది. ఎవరు పరిష్కరించారు అంటే పై స్థాయివారు అంది. పై స్థాయివారు ఎక్కడుంటారు అంటే, వేలు పైకెత్తింది. ఆ భవనానికి పైన నాలుగో అంతస్తు లేదు, నీళ్ల ట్యాంకు ఉంది. రైలు దిగి ఇంటికి చేరేలోపు మీ సందేశం వచ్చింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని. డిసెంబరు మొదటి వారంలో నేను దరఖాస్తు పెట్టవలసిన అమెరికా యూనివర్సిటీ గడువు దాటిపోయింది. దానికి కూడా నక్షత్రాలు ఇవ్వాలా?

ముసాయిదా సరిదిద్దుతారో, డబ్బు తిరిగి ఇస్తారో, రెండోసారి కట్టిన యూనివర్సిటీ రుసుము సంగతి ఏం చేస్తారో మీరే ఆలోచించుకోండి. అన్నిటికన్నా ముందు, సోషల్ వర్క్ అంటే ఏమిటో తెలిసిన మనిషి, పేరు చెప్పి, నాకు ఒక్క ఫోను చేయాలి. డబ్బు పోతే పోయింది అనుకోగలను. పిలిచినా పలకకపోవడం మాత్రం ఓర్చుకోలేను. పద్నాలుగేళ్లుగా పలకని ఆఫీసులను పలికించడమే నా ఉద్యోగం. తహసీల్దారు కార్యాలయాల్లో మీకన్నా మొండివారిని చూశాను. వారైనా అర్జీ తీసుకుని ముద్ర వేస్తారు.

ఇంకొక సంగతి. మీతో మాట్లాడిన ప్రతి ఫోనూ తేదీ, గంటతో సహా నోటుబుక్కులో రాసుకున్నాను, ఇరవై మూడు. నా చదువులో మొదటి పాఠం అదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే, అంటే నెల్లూరులోనే మీమీద కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు. ఒకే రకం ఇబ్బంది పడ్డవారు వినియోగదారుల కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. నవంబరులో మీ మూడో అంతస్తు బెంచీల మీద నాతోపాటు రోజంతా కూర్చున్నవారిలో ఒక నర్సు, ఇద్దరు బీఎడ్ చదివినవారు, హోమియోపతి చదివిన ఒకాయన ఉన్నారు. కింద టీ కొట్టు దగ్గర గంటసేపు మాట్లాడుకున్నాం. వారి నంబర్లూ అదే నోటుబుక్కులో ఉన్నాయి. కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అంటే ఏమిటని మీవాళ్లు అడిగారు కదా, అడ్రసు అదే టీ కొట్టు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజులు ఆగుతాను. మా తమ్ముడి పట్టా పదిహేను రోజుల్లోనే తేల్చారు కాబట్టి అది మీకు తెలిసిన లెక్కే.

ఇట్లు,
మూడుసార్లు మీ ఖాతాదారు కుటుంబం, నాలుగోసారి మీ బాధితురాలు

తా.క.: ఆ రోజు నాకు మంచినీళ్లు తెచ్చి, కుర్చీ వేసి, ‘వీళ్లు ఇంతేనమ్మా, రిజిస్టర్ పోస్టు చేయండి’ అని చెప్పింది మీ గేటు దగ్గరి వాచ్‌మన్. మీ సంస్థలో నా ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాడు ఆయనొక్కడే. అందుకని ఆయన్ను మందలించకండి.